తొలగించమన్న రెండు పేరాలు

మూడేళ్ళ క్రితం ఇంగ్లండ్ నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. జార్జియన్ కాలపు ఫర్నిచర్, అలంకార వస్తువులు నలభై ఏళ్ళుగా సేకరిస్తున్న ఒక పెద్దమనిషి తన సేకరణ మీద కేటలాగు వేస్తున్నారట. అందులో విశాఖపట్నంలో తయారైన ఏనుగు దంతం పెట్టెలు నాలుగున్నాయి. వాటి గురించి 'స్త్రీ దృక్కోణం'తో ఒక వ్యాసం కావాలన్నారు. నేను పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు సాహిత్యం పాఠం చెప్పినదాన్ని. పుట్టింది విశాఖ పాతనగరంలో. పైగా ఆడదాన్ని. మూడు అర్హతలూ ఒకే మనిషిలో దొరకడం వాళ్ళకి సౌకర్యంగా అనిపించి ఉంటుంది. నాకూ గర్వంగానే అనిపించింది, అబద్ధం ఎందుకు. రాసి పంపాను. చాలా బాగుందన్నారు. ఉత్తరం చివర ఒక చిన్న విన్నపం. మధ్యలో రెండు పేరాలు 'వస్తువు పరిధి దాటి' పోయాయి కాబట్టి వాటిని తీసేస్తే నాకు అభ్యంతరం ఉండదనుకుంటున్నామన్నారు. ఒక పేరా ఇల్లు తుడిచే పనిపిల్ల గురించి. రెండోది చెట్టు కొట్టినవాళ్ళ గురించి. నేను మొత్తం వ్యాసమే వెనక్కి తీసుకున్నాను.

ఆ రెండు పేరాల కోసమే ఇప్పుడిది రాస్తున్నాను. కోపంగానే రాస్తున్నాను. అయితే బయట నిలబడి రాయి విసరడానికి నాకు హక్కు లేదు, ఆ జబ్బు నాకూ ఉంది. తొంభైలలో ఒక ఫెలోషిప్ మీద ఇంగ్లండ్‌లో ఉన్నప్పుడు, శనివారం పూట జరిగే ఒక పాత సామాన్ల సంతలో మహాగని చెక్కతో చేసిన టీ పెట్టె కొన్నాను. వాళ్ళు టీ కేడీ అంటారు. రెండు వారాల తిండి ఖర్చు దాని మీద పెట్టేసి, బ్రెడ్డూ ఉడకబెట్టిన గుడ్లూ తిని గడిపాను. తర్వాత వెళ్ళినప్పుడల్లా ఒక్కొక్కటి చేరింది. వెండి పంచదార పట్టకారు, ఇత్తడి కొవ్వొత్తి స్తంభాల జత, చివరికి రవాణా ఖర్చు తన ధరని మించిపోయిన ఒక కుర్చీ. ఈ ఇరవై, పాతికేళ్ళలో ఆ గోధుమరంగు ఫర్నిచర్ ధరలు బాగా పడిపోయాయి కాబట్టి జీతం మీద బతికే నాలాంటిదానికి కూడా అది సాధ్యమైంది. రెండు వందల ఏళ్ళ నాటి సొరుగుల బల్ల, నిన్న తయారైన బల్ల కంటే చవగ్గా దొరికే రోజులొచ్చాయి. ఇంటికొచ్చిన స్నేహితురాళ్ళు "ఎంత బావుందే!" అంటే లోపల మురిసిపోయేదాన్ని. ఇప్పటికీ మురుస్తాను. కాబట్టి నేను వేయబోయే నిందలో నా వాటా నాకుంది.

1714 నుంచి 1830 దాకా వరసగా నలుగురు జార్జిలు ఇంగ్లండ్‌ని ఏలారు. ఆ కాలపు వస్తువులన్నిటికీ రాజుల పేరే. అందులో మళ్ళీ మగవాళ్ళ పేర్లతో అరలు: చిప్పెండేల్, హెపుల్‌వైట్, షెరటన్. ముగ్గురివీ నమూనా బొమ్మల పుస్తకాలున్నాయి. థామస్ చిప్పెండేల్ 1754లో వేసిన పుస్తకం పేరులోనే 'జెంటిల్‌మన్' ఉన్నాడు. కొనేది ఎవరో మొదటి పేజీలోనే తేలిపోయింది. హెపుల్‌వైట్ సంగతి ఇంకా తమాషా. ఆయన 1786లో చనిపోయాడు. పుస్తకం వచ్చింది 1788లో. వేసింది భార్య ఆలిస్. ఆయన చేతి పని అని ఖాయంగా చెప్పగల కుర్చీ ఒక్కటి కూడా ఇవాళ లేదు. డాలు ఆకారంలో వీపు ఉన్న ప్రతి కుర్చీనీ ప్రపంచమంతా 'హెపుల్‌వైట్' అని పిలుస్తోందంటే అది భర్త పోయాక ఆలిస్ చేసిన పని వల్లే. దాన్ని ఆలిస్ కుర్చీ అన్నవాళ్ళని నేను చూడలేదు.

సేకరణ విద్యలో మొదటి పాఠం, వస్తువుని ముందు నుంచి చూడకూడదు, తిరగేసి చూడాలి. నాకిది నేర్పింది ఒక ముసలి వ్యాపారి. సొరుగు పూర్తిగా బయటికి లాగి, బోర్లించి, అడుగు చెక్క మీద వేళ్ళు పెట్టి చూడమన్నాడు. రంపపు గీతలు తిన్నగా ఉన్నాయా, వంపు తిరిగాయా? తిన్నగా ఉంటే గోతి మీద దుంగ పెట్టి, ఒకరు పైనా ఒకరు కిందా నిలబడి చేత్తో కోసిన చెక్క. వంపు తిరిగితే గుండ్రటి మర రంపం పని, తర్వాతి కాలానిది. సొరుగు మూలల్లో పావురం తోకల్లా ఒకదానిలోకి ఒకటి దూరే అతుకులు అచ్చుపోసినట్టు సమానంగా ఉంటే అనుమానించాలి, చేత్తో ఉలి పట్టినవాడి అతుకుల్లో తేడాలుంటాయి. గుండ్రటి బల్లని నిలువుగానూ అడ్డంగానూ కొలవాలి. చెక్క ఏళ్ళ తరబడి ఒక దిశలోనే కుంచించుకుపోతుంది కాబట్టి నిజంగా పాతదైతే రెండు కొలతలూ కలవవు. పిడి దగ్గర పూడ్చిన కన్నాలుంటే పిడులు మార్చారన్నమాట. సొరుగు జారే పట్టీ ఎటువైపు ఎక్కువ అరిగింది? రోజూ దాన్ని లాగిన చెయ్యి ఏది?

శ్రమ జాడల్ని ఇంత ఓపిగ్గా చదివేవాళ్ళు ఇంకెక్కడైనా ఉన్నారా అని నాకు ఆశ్చర్యం వేసేది. శ్రమ చరిత్ర రాసేవాళ్ళలో కూడా ఈ సూక్ష్మదృష్టి అరుదు. గీత చూసి మనిషి చేతిని గుర్తుపడతారు. కానీ గుర్తుపట్టిన ప్రతి జాడా వాళ్ళ దగ్గర ఒకే ప్రశ్నకి జవాబు చెప్పాలి. ఇది అసలుదా, నకిలీదా? అంటే, ఎంత పలుకుతుంది? గోతిలో నిలబడి, కళ్ళలో పొట్టు రాలుతుండగా రంపం లాగినవాడి చెమట, రెండు వందల ఏళ్ళ తర్వాత కొన్నవాడి ఖాతాలో విలువగా జమ అవుతుంది. నా ఆరోపణ ఇదే. సేకర్తలకి శ్రమ కనబడదని చాలామంది విమర్శిస్తారు. అది పొరపాటు. వాళ్ళకి బ్రహ్మాండంగా కనబడుతుంది. కనబడినదానికి పేరు లేకుండా చేసి ధర కట్టడం వాళ్ళ విద్య.

తీసేయమన్న మొదటి పేరా 'పాటినా' గురించి. జార్జియన్ ఫర్నిచర్‌ని ప్రేమించేవాళ్ళ నోట ఈ మాట మంత్రంలా వినబడుతుంది. పాత మహాగని మీద, లోపలెక్కడో దీపం పెట్టినట్టుండే నిగారింపు అది. తెలియక దాన్ని గీకించి కొత్త పాలిష్ పెట్టించారా, వస్తువు చచ్చినట్టే. ఈ నిగారింపు గురించి రాసే వాక్యాల్లో కర్త ఉండడు. కాలం దీన్ని ఇచ్చిందంటారు. కాలం ఎప్పుడైనా గుడ్డపేలిక పట్టుకుందా? మహాగని బల్లకి అవిసె నూనె పట్టించి, మెత్తటి ఇటుక పొడి చల్లి, చెక్క వేడెక్కే దాకా రుద్దాలి. 1803లో వేసిన తన నిఘంటువులో షెరటన్ ఈ పద్ధతి రాశాడు. మైనం, టర్పెంటైన్ కలిపి రుద్దడం ఇంకో పద్ధతి. లక్కతో చేసే ఫ్రెంచ్ పాలిష్ ఇంగ్లండ్‌లో అడుగుపెట్టింది జార్జిల కాలం చివర్లోనే. అంతదాకా ఇళ్ళల్లో మెరుపంటే మోచేతి బలమే. వంటల పుస్తకంతో పేరు పొందిన హన్నా గ్లాస్ 1760లో పనివాళ్ళ కోసం కూడా ఒక పుస్తకం వేసింది. ఇల్లు తుడిచే పనిపిల్ల ఏ గదిలో ఏం చెయ్యాలో, దేన్ని దేనితో రుద్దాలో అందులో ఉంటుంది. (ఆ హన్నాయే 1754లో దివాలా తీసి తన వంటల పుస్తకం హక్కులు అమ్ముకుంది. అప్పుల కింద జైలుకీ వెళ్ళింది. ఆవిడ మీద విడిగా ఒక వ్యాసం రాయాలి.) తెల్లవారకముందే లేచి, యజమానులు కిందికి దిగేలోపు గదులు సిద్ధం చేసి, వాళ్ళ కంటపడకుండా వెనక మెట్లెక్కి వెళ్ళిపోవలసిన పిల్ల అరచేతుల రాపిడి, ఇవాళ వేలంపాటలో 'అద్భుతమైన అసలు పాటినా' అని పలుకుతుంది. వడ్రంగి ఆ బల్లని కొన్ని నెలలు చేసి వదిలేశాడు. ఆడపిల్లలు తరతరాలుగా రోజూ దాన్ని చేస్తూనే వచ్చారు. రెండో పని లేకపోతే మొదటిదానికి ఇవాళ ఆ ధర లేదు.

దీంట్లో వస్తువు పరిధి దాటింది ఎక్కడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నా టీ పెట్టె దగ్గరికి వస్తాను. 1784లో ప్రభుత్వం సుంకాన్ని 119 శాతం నుంచి 12.5 శాతానికి తగ్గించేదాకా ఇంగ్లండ్‌లో టీ చాలా ఖరీదైన సరుకు. అందుకే పెట్టెకి తాళం. లోపల రెండు అరలు, నల్ల టీకి ఒకటి, పచ్చ టీకి ఒకటి. పెద్ద పెట్టెల్లో మధ్యన పంచదారకో, రెండూ కలుపుకోవడానికో ఒక గాజు గిన్నె కూడా ఉండేది. పనిపిల్ల మరిగిన నీళ్ళు తెచ్చి పెట్టాలి. తాళం తీసి పొడి వేసేది ఇంటావిడ. ఆ తాళంచెవి 'గృహిణికి దక్కిన పరిమిత అధికారానికి ప్రతీక' అని నేను పదిహేనేళ్ళు క్లాసులో చెప్పాను. ఒకరోజు మా ఇంట్లో పనిచేసే ఆవిడ ఆ పెట్టె తుడుస్తూ, "ఇంత చిన్నదానికి తాళం ఎందుకమ్మా?" అని అడిగింది. టీ పొడి ఎవరూ తియ్యకుండా అన్నాను. "ఎవరూ అంటే?" అంది. నేను మాట వెతుక్కుంటున్నాను. "మేమేగా," అని నవ్వి, పెట్టెని దాని చోట్లో పెట్టి గిన్నెలు తోమడానికి వెళ్ళిపోయింది. అధికారం ఎవరికి దక్కిందని అడిగానే గాని, ఎవరి మీద అని నేను అడగలేదు. ఇన్నేళ్ళ స్త్రీవాదం తర్వాత కూడా. నా పెట్టె మీద ఇప్పుడు పెరుగుతున్న పాటినా ఆవిడ చేతిది. దాని ధర నేను ఆవిడకి చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు.

వ్యాపారుల భాషలో ఇంకో మాట 'మ్యారేజ్'. పుస్తకాల బీరువా పైభాగం ఒకచోటిది, కిందిభాగం మరోచోటిది అయి, వాటిని తర్వాతెవరో జతచేస్తే అది పెళ్ళయిన ముక్క. విలువ తక్కువ. ఇది మొదటిసారి విన్నప్పుడు నేనూ నా స్నేహితురాలూ పగలబడి నవ్వాం. తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. ఆ బీరువా తయారైన కాలంలో ఇంగ్లీషు చట్టం ప్రకారం పెళ్ళితోనే ఆడదాని చరాస్తి అంతా మొగుడిదయ్యేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న కుర్చీ, చెంచా, పింగాణి కప్పుతో సహా. బాగా డబ్బున్నవాళ్ళు ట్రస్టుల ద్వారా కూతుళ్ళకి కొంత విడిగా కట్టిపెట్టుకునేవారు. మిగతావాళ్ళు 1870, 1882 చట్టాల దాకా ఆగవలసి వచ్చింది. తను ఏళ్ళ తరబడి సర్దుకున్న బల్లనే మొగుడు తన వీలునామాలో 'బతికినంతకాలం వాడుకోవడానికి' అని ఆమెకి దానం చేసేవాడు. జేన్ ఆస్టిన్ మొదట అచ్చువేసిన నవలలో, 1811 నాటిది, మామగారి రెండో భార్య తనతో పట్టుకుపోతున్న పింగాణి గురించి ఫానీ డాష్‌వుడ్ ఎంత కుళ్ళుకుంటుందో మీకు గుర్తుండే ఉంటుంది. మనం ఆమెని గయ్యాళి కింద లెక్కేసి పరీక్ష పేపర్లు దిద్దాం. ఆస్తి మగవాళ్ళ వరసలో దిగిపోయే చోట ఆడవాళ్ళకి కొట్టుకోవడానికి మిగిలింది పింగాణే. ఆస్టిన్ సొంత సంగతి చూడండి. తండ్రి ఊరు మారాలని నిర్ణయించుకుంటే 1801లో ఇంటి సామానుతో పాటు ఆమె పియానో కూడా అమ్ముడుపోయింది.

కేటలాగుల్లో మాత్రం ఇవేవీ ఉండవు. అక్కడ ఉండేది 'ప్రావెనెన్స్', వస్తువు వంశావళి. ఫలానా ప్రభువు కొనుక్కున్నాడు, అతని కొడుక్కి వచ్చింది, అతని మనవడికి వచ్చింది. మధ్యలో ఆడపిల్ల ద్వారా వెళితే 'పెళ్ళి ద్వారా' అని రాసి వెంటనే అల్లుడి ఇంటిపేరులోకి దూకుతారు. మన గోత్రాలూ ప్రవరలూ ఇంతకంటే వేరా? వంశావళి ఎంత శుభ్రంగా ఉంటే ధర అంత ఎక్కువ.

తీసేయమన్న రెండో పేరా అసలు ఆ మహాగని ఎక్కడిదన్నది. 1721లో బ్రిటిష్ పార్లమెంటు అమెరికా ఖండంలోని తన వలసల నుంచి వచ్చే కలప మీద సుంకం ఎత్తేసింది. జమైకా చెట్లు లండన్ రేవుకి చవగ్గా దిగడం మొదలైంది. జమైకాలో అడవి కొట్టడమూ చెరకు వెయ్యడమూ ఒకదాని వెనక ఒకటి సాగాయి. రెండు పనులూ చేసింది ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు. అక్కడ మంచి చెట్లు అరుదైపోయాక హోండురాస్ అఖాతం తీరానికి, ఇవాళ్టి బెలీజ్‌కి వెళ్ళారు. అడవిలో ఎత్తైన చెట్టెక్కి, ఆకుల రంగు బట్టి దూరాన మహాగనిని గుర్తుపట్టే బానిసకి 'హంట్స్‌మన్' అని పేరు. చెట్టు మొదలు మరీ లావుగా ఉంటుంది కాబట్టి పైన మంచె కట్టుకుని నరికేవారు. ఎండాకాలంలో, పగటి వేడికి ఎడ్లు తట్టుకోలేవని, రాత్రిపూట కాగడాల వెలుగులో దుంగల్ని ఏటి ఒడ్డుకి లాగేవారు. వానలు పడి ఏరు పొంగితే వాటిని సముద్రం దాకా తేల్చేవారు. ఎడ్లు తట్టుకోలేవని రాత్రిపూట అని రాసినవాళ్ళు, మనుషుల సంగతి రాయడం అనవసరమనుకున్నారు. మగవాళ్ళు నెలల తరబడి అడవుల్లో ఉంటే బానిస స్త్రీలు యజమానుల ఇళ్ళల్లో వండి, ఉతికి, పిల్లల్ని పెంచేవారు. కేటలాగులో ఆ మొత్తానికి ఒకటే మాట, 'మహాగని'. ముందు ఒక విశేషణం కూడా ఉంటుంది, 'దట్టమైన, చక్కటి రంగు తేలిన'.

యార్క్‌షైర్‌లోని హేర్‌వుడ్ హౌస్ చిప్పెండేల్ భక్తులకి కాశీ. అతనికి వచ్చిన పనుల్లోకెల్లా పెద్దది అక్కడిదే. కట్టించిన ఎడ్విన్ లాసెల్స్ కుటుంబం డబ్బు వెస్టిండీస్ చెరకు తోటలది, అప్పులది, బానిసల వ్యాపారానిది. 1773లో చిప్పెండేల్ ఆ ఇంటికి 86 పౌండ్లకి చేసిచ్చిన సొరుగుల బల్లని ఇంగ్లీషు ఫర్నిచర్‌లోనే ఆణిముత్యం అంటారు. తలుపుల మీద ఇద్దరు దేవతలు, వేటాడే డయానా ఒకరు, జ్ఞానానికి అధిదేవత మినర్వా ఒకరు. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. అబ్బురంగా ఉంటుంది, కాదనను. ఎడమ వైపు ఒక స్వేచ్ఛ గల స్త్రీ, కుడి వైపు ఒక చదువుకున్న స్త్రీ, మధ్యలో అలంకరణ గది సామాను. బానిసత్వం రద్దయినప్పుడు ఆ ఇంటి వారసుడికి నష్టపరిహారంగా 26 వేల పౌండ్లకి పైగా ముట్టాయి. బ్రిటన్ మొత్తం మీద బానిస యజమానులకి కేటాయించింది 2 కోట్ల పౌండ్లు. బానిసలకి ఇచ్చింది సున్నా. హేర్‌వుడ్ ఇప్పుడు ఈ చరిత్రని దాచడం లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ప్రైవేటు సేకరణల కేటలాగులు మాత్రం ఇంకా అదే 'చక్కటి రంగు' దగ్గర ఆగిపోయి ఉన్నాయి.

నా మిత్రురాలు, చరిత్ర పాఠం చెప్పే మనిషి, ఇదంతా విని నన్ను కోప్పడింది. "సేకరణ మగవాడు చేస్తే రసజ్ఞత, ఆడది చేస్తే పిచ్చి. ఆ కాలపు వ్యంగ్య రచనల నిండా పింగాణి పిచ్చి పట్టిన ఆడవాళ్ళే కదా. నువ్వూ అదే గొంతుతో మాట్లాడుతున్నావు," అంది. లేడీ షార్లెట్ ష్రైబర్‌ని గుర్తుచేసింది. వెల్ష్ పురాతన కథల్ని ఇంగ్లీషులోకి తెచ్చిన మనిషి, మొదటి భర్త పోయాక ఇనుప కర్మాగారం నడిపిన మనిషి, తర్వాత యూరప్ అంతా తిరిగి ఇంగ్లీషు పింగాణి ఏరి, రెండో భర్త పోయాక ఆ సేకరణని ఇవాళ్టి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి ఇచ్చేసింది. ఆ పింగాణిని శాస్త్రీయంగా వర్గీకరించడంలో ఆమె తొలి వరసలో ఉంది. నా పంచదార పట్టకారు సంగతీ ఎత్తింది. దాని మీద ముద్ర హెస్టర్ బేట్‌మన్‌ది. 1760లో భర్త పోతే 1761లో తన పేర ముద్ర నమోదు చేయించుకుని, సుమారు ముప్పై ఏళ్ళు లండన్‌లో వెండి పని నడిపిన మనిషి. "వీళ్ళని కూడా వదిలేద్దామా?"

వదలను. ఆ వాదనలో సగం నాదే, ఏళ్ళుగా నేనే చెప్పాను. కానీ హెస్టర్‌ని వెండి మీద రెండక్షరాలుగా ఆరాధించే సేకర్త, ఆమె కార్ఖానాలో పనిచేసినవాళ్ళని అడగడు. ఆమె పేరు మనకి ఎందుకు మిగిలింది? భర్త పోతేనే దుకాణం ఆడదాని చేతికొచ్చే ఏర్పాటు వల్ల. పెళ్ళయి, భర్త బతికి ఉండి, పక్కన కూర్చుని వెండి సాగగొట్టిన స్త్రీల పని మొగుళ్ళ ముద్రల కింద ఉంది. ఇంకో ముచ్చట. 1791 నుంచి బానిసల చేత పండించిన పంచదార మానేయాలని ఇంగ్లండ్‌లో ఉద్యమం నడిచింది. పంచదార కొనేది, వాడేది ఆడవాళ్ళు కాబట్టి దాన్ని ఇంటింటా నడిపిందీ వాళ్ళే. తక్షణం బానిసత్వం పోవాలని 1824లో ఎలిజబెత్ హేరిక్ కరపత్రం రాసేసరికి ఉద్యమంలోని పెద్ద మగవాళ్ళు ఇంకా 'నెమ్మదిగా' అంటున్నారు. ఆ రోజుల్లో 'బానిసలు చేయని ఈస్టిండియా పంచదార' అని రాసిన గిన్నెలు బల్లల మీదికొచ్చాయి. ఇవాళ సేకర్తలు వాటికి ఎగబడతారు. నాకూ ఒకటి కొనాలని ఉండేది. కానీ మనదేశంలో కంపెనీ పాలన బానిసత్వానికి చట్టరక్షణ తీసేసింది 1843లో. ఆ గిన్నె బల్ల మీద మెరుస్తున్నప్పుడు ఇక్కడ బానిసలున్నారు. తోటి ఆడవాళ్ళ నిజాయితీని నేను శంకించడం లేదు. గిన్నె మీద రాత మాత్రం అబద్ధం. కాబట్టి స్త్రీలు చేశారనీ, స్త్రీలు సేకరించారనీ చెప్పి వస్తువుని కడిగేసుకోవడం నాకు కుదరదు.

ఇక మా ఊరి పెట్టెలు. ఇంగ్లీషు కంపెనీ 1682లో విశాఖపట్నంలో బట్టల కోసం ఫ్యాక్టరీ పెట్టింది. పద్దెనిమిదో శతాబ్దం మధ్యకి వచ్చేసరికి అక్కడి పనివాళ్ళు దొరల కుర్చీలూ బల్లలూ చూసి వాటి ఆకారంలోనే చేసి, నల్లచెక్కలో దంతం పొదిగి ఇచ్చేవారు. తర్వాత చందనపు చెక్క మీద పలచటి దంతపు రేకులు తాపడం చేసి, వాటి మీద గీతలు చెక్కి, గీతల్లో నల్లలక్క నింపడం వచ్చింది. ఈ పని కంసాలులదని తర్వాతి వలస రికార్డులు చెబుతాయి. మద్రాసు గవర్నరుగా చేసిన ఒక దొర చనిపోయాక 1781లో అతని సామాను అమ్మితే, మూడో జార్జి తన రాణి షార్లెట్ కోసం దంతపు తాపడం కుర్చీలు కొన్నాడు. అవి ఇంకా రాజకుటుంబం సేకరణలోనే ఉన్నాయి. ఆ వంశావళిలో గవర్నరు పేరుంది, వేలం వేసినవాడి పేరుంది, రాజు పేరుంది.

ఆ పెద్దమనిషి దగ్గరున్న నాలుగింటిలో ఒకటి ఇల్లు. నిజంగానే ఇల్లు. ఇంగ్లీషు పల్లెటూరి ఇంటి ఆకారంలో చేసిన కుట్టుపని పెట్టె. దంతం మీద నల్ల గీతలతో కిటికీలు, తలుపు, పెంకుల వరసలు, పైన పొగగొట్టం. పైకప్పు ఎత్తితే చందనం వాసన, దారపు ఉండలకీ సూదులకీ అరలు. అట్లాంటి ఇంటిని కంటితో చూడని మనిషి, పొగగొట్టం అవసరం ఎప్పుడూ పడని ఊళ్ళో, చెమటకి ఉలి జారుతుంటే, ఏ కాగితం మీద బొమ్మో చూసి దాన్ని చేశాడు. సముద్రాలు దాటి వెళ్ళి ఒక ఇంగ్లీషు గృహిణి ఒళ్ళో కూర్చుంది. తన పేర ఇల్లు ఉండటానికి చట్టం ఒప్పుకోని ఆ గృహిణికి తాళంచెవితో సహా దొరికిన ఇల్లు అదొక్కటే అని నేను వ్యాసంలో రాశాను. ఆ వాక్యం వాళ్ళకి ఎంతో నచ్చింది. అట్ట వెనక వేస్తామన్నారు. ఇప్పుడు తలుచుకుంటే ఆ వాక్యమే నాకు సిగ్గుగా ఉంది. ఇంటావిడ నిస్సహాయత అందంగా ఉంటుంది, అట్ట వెనక సరిపోతుంది. కంసాలి పనివాడికీ, పనిపిల్లకీ, బెలీజ్ అడవికీ అట్ట లోపల కూడా చోటు లేదు.

నన్ను ఎందుకు అడిగారో తర్వాత తెలిసింది. 2018లో చేసిన దంతపు చట్టం బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చింది. ఇట్లాంటి పెట్టెలు అమ్మాలంటే అవి 1918కి ముందువనీ, కళాపరంగా, సాంస్కృతికంగా, చారిత్రకంగా ఎంతో విశిష్టమైనవనీ నిరూపించి సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఏనుగుల కోసం ఆ చట్టం రావలసిందే, ఇంకా ముందే రావలసింది. పెద్దమనిషి పెట్టెల్ని అమ్మదలచుకున్నారు. ఆ ఊరి ఆడమనిషి, ప్రొఫెసరు, విశిష్టమైనవని రాస్తే విలువ. నేను కూడా ప్రావెనెన్స్‌లో ఒక పంక్తి అన్నమాట.

వ్యాసం వెనక్కి తీసుకునే ముందు నేనొక రాజీ ప్రయత్నం చేశాను. ఇది ఒప్పుకోవాలి, ఎందుకంటే నాకు ఆ కేటలాగులో నా పేరు చూసుకోవాలని ఉంది. పేరాలు తీసేయండి, దానికి బదులు ప్రతి వస్తువు వివరం కిందా ఒక్క వాక్యం చేర్చండి అన్నాను. మహాగని ఉన్నచోట ఎవరు కొట్టారో, దంతం పెట్టె ఉన్నచోట ఏ పనివాళ్ళో, పాటినా అన్నచోట ఎవరి చేతులో. పేర్లు అడగలేదు. ఎవరు అన్నదొక్కటే. పది రోజులకి చాలా మర్యాదగా జవాబు వచ్చింది. వివరానికి కేటాయించిన స్థలం పరిమితమట, ఒక వాక్యం చేరిస్తే పేజీ అమరిక చెడిపోతుందట.

కేటలాగు పోయిన ఏడాది వచ్చింది. మర్యాద తప్పకుండా నాకొక ప్రతి పంపారు. దంతపు ఇంటి బొమ్మ నిండు పేజీ వేశారు, ముద్రణ చాలా బాగుంది. ఎదురు పేజీలో దాని వివరం. 'ఆంగ్లో-ఇండియన్, వైజగపటాం, సుమారు 1800' అని ఒక పంక్తి. యజమానుల జాబితా పదకొండు పంక్తులు.